దిగని కనుబొమ్మ

నేను ఒక పెన్సిల్ ముక్కను. బొటనవేలంత కూడా మిగల్లేదు గానీ నోరు మాత్రం తగ్గలేదు. పుట్టినప్పుడు జానెడు ఉండేదాన్ని. ఒంటికి నల్లరంగు, వీపున బంగారు అక్షరాలు, లోపల మెత్తటి ములుకు. నాతోపాటు ఫ్యాక్టరీలో పుట్టిన గట్టి పెన్సిళ్లు లెక్కలు చేసుకోవడానికి పోయాయి. నాలాంటి మెత్తవాటిని బొమ్మలు గీసేవాళ్లు కొంటారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, నన్ను మొదట కొన్న కాలేజీ అమ్మాయి వారం రోజులు నా తోక కొరికింది తప్ప ఒక్క గీత గీయలేదు. స్కూటరుకు నంబరు రాయించుకోవడానికి వెళ్లి, అక్కడి బల్ల మీద నన్ను మర్చిపోయింది.

అది విశాఖపట్నంలో సింహాచలం అనే పెయింటరు కొట్టు. ఆయన నన్ను ఎత్తి చెవి మీద పెట్టుకున్నాడు. చెవి మీద కూర్చున్నదానికి మనిషి గొణుగుడంతా వినబడుతుంది. అలా తెలిసింది నాకు ఆయన కథ. ఇరవై ఏడేళ్లు సినిమా బ్యానర్లు గీశాడట. ఫ్లెక్సీలొచ్చాక ఆ పని పోయి, ఇలా నంబర్ ప్లేట్ల పాలబడ్డాడు. పిసినారితనంలో మాత్రం ఆయనకు సాటి లేరు. అరంగుళం పెన్సిల్ మిగిలినా పాత పెన్ను గొట్టంలో దోపి గీస్తాడే గాని పారేయడు. ఈ చేతిలో చావు లేదులే అనుకున్నాను.

ఆయనకు ఒకే ఒక పిచ్చి, ధర్మారావు. పేరుకే ధర్మారావు, సినిమాల్లో ఆ మనిషి చేయని అధర్మం లేదు. ఎడమ కనుబొమ్మ పైకెత్తాడంటే హాల్లో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారట. ఊరంతా హీరోలకు హారతులిస్తుంటే సింహాచలం ఈ విలన్‌కు అభిమాని. కానీ ఏం లాభం? బ్యానర్ మీద ఎవరి తల ఎంతుండాలో సినిమా పంపిణీ చేసేవాళ్లు చెప్పేవారు. హీరోకు గులాబీ రంగు మొహం, నిలువెత్తు తల. విలన్‌కు ఓ మూల కొబ్బరికాయంత తల, దానికి ఆకుపచ్చా నీలమూ పులమాలి, కనుబొమ్మ ఎత్తాలి. అది బ్యానర్ పనిలో కట్టుబాటు. తనకు ఇష్టమైన మొహాన్ని వందలసార్లు గీసి, ఒక్కసారి కూడా మనిషి మొహంలా గీయలేకపోయాడు. పనంతా అయ్యాక కింద మూల ‘లలితా ఆర్ట్స్’ అని ఓనరు కంపెనీ పేరు రాసేవాడు. తన పేరుకు ఎవరూ చోటివ్వలేదు, ఈయనా అడగలేదు.

మొన్న ఊళ్లో చిత్రోత్సవం పెట్టారు. ధర్మారావు పాత సినిమాలు మూడు రోజులు వేసి, చివరిరోజు పొద్దున అభిమానులకు పోటీ అన్నారు. ఆయన ఎదురుగా కూర్చుంటాడు, గంటలో బొమ్మ గీయాలి, గెలిచిన బొమ్మ మీద ఆయన సంతకం పెడతాడు. ఆ మాట విన్న రోజునుంచి సింహాచలానికి కంటి మీద కునుకు లేదు. నన్ను చెక్కడం, చూడడం, మళ్లీ చెక్కడం. సగం ఒళ్లు ఆ చెక్కుళ్లలోనే కరిగింది. సంతకం సంగతి ఆయనకు పట్టలేదు. ఆ కనుబొమ్మ దిగి ఉండగా ఒక్కసారి చూసి గీయాలి, అంతే.

పన్నెండుమంది కూర్చున్నారు. ధర్మారావు కర్ర పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలాయన. నేను గడ్డం, చెవులు, ముక్కు చకచకా దింపేశాను. కనుబొమ్మ దగ్గరికొచ్చేసరికి వెనకనుంచి ఎవడో, సార్, ఒక్కసారి ఆ చూపు అన్నాడు. ఆయన ఎత్తాడు. చప్పట్లు. దించబోయేలోగా ఇంకొకడు సెల్‌ఫోన్‌తో వచ్చాడు. మళ్లీ ఎత్తాడు. అయ్యా, మనుషులకు అభిమానం ముదిరితే ఎదుటివాడిని మొహం కూడా దించుకోనివ్వరు!

పోనీ సింహాచలం చెయ్యన్నా సరిగా ఉందా? ఊహించి గీద్దామని నన్ను కాగితం మీద పెట్టాడు. ఇరవై ఏడేళ్ల అలవాటు! చెయ్యి తనంతట తానే కనుబొమ్మను పైకి లేపేసింది. రబ్బరు పెట్టి చెరిపాడు. మళ్లీ గీశాడు, మళ్లీ లేచింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగోసారి చెరిపేసరికి కాగితం ఉల్లిపొరలా పల్చబడింది. ఆయన చెమట నా ఒంటి మీదుగా కారుతోంది. గంట కొట్టేశారు.

కనుబొమ్మ నింగికెగిరి నిప్పులు కురిపిస్తున్న బొమ్మ ఒకటి గెలిచింది. ధర్మారావు దానిమీద సంతకం పెట్టి, మిగతావి చూస్తూ మా ముందుకొచ్చి ఆగాడు.

“ఇక్కడేటి, ఖాళీగా వొదిలీసినావు?”

సింహాచలం లేచి నిలబడ్డాడు.

“దించినప్పుడు సూసి గీద్దారని కూకున్నాను బాబూ. గంటసేపట్లో ఒక్కపాలీ దించనేదు.”

భోజనాలకు వేళవుతోందని, కారు సిద్ధంగా ఉందని నిర్వాహకులు తొందరపెట్టారు. అందరినీ పొమ్మని ధర్మారావు వెనక్కి వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాడు. హాలు ఖాళీ అయి మేమే మిగిలాం. అడిగేవాడు లేకపోయినా కనుబొమ్మ రెండుసార్లు దానంతటదే ఎగిరింది. ఆయన వేలితో నొక్కి పట్టుకుని తనలో తానే నవ్వుకున్నాడు. కాసేపటికి వేలు తీశాడు. కనుబొమ్మ మెల్లగా దిగింది. దాని వెనకనుంచి బస్సు కోసం చాలాసేపట్నుంచి నిలబడ్డ మనిషి మొహంలాంటి మొహం ఒకటి బయటికొచ్చింది.

సింహాచలం ఎడంచేత్తో తన కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. చెయ్యి పైకి లాగుతోంది, ఆయన కిందికి అణుస్తున్నాడు. కాగితం చిరుగుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టి నడిచాను. నా బతుకులో అంత భయపడి గీసిన గీత ఇంకోటి లేదు. చిరగలేదు.

ధర్మారావు బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. “మా ఇంటిదొక్కతే ఎరుగును ఈ మొకం. అదీ పోయింది,” అన్నాడు. ఆ బొమ్మ తనకిమ్మని అడిగాడు. సింహాచలం తలూపాడు. “అయితే కింద సంతకం నువ్వే ఎట్టు.”

సింహాచలం వంగి మూల రాయడం మొదలుపెట్టాడు. ఆ వేళ్లకు తెలిసిన సంతకం ఒకటే. రాశాక ధర్మారావు చదివి, “లలితెవులు?” అన్నాడు.

సింహాచలం బిత్తరపోయాడు. ఓనరు పోయి పదేళ్లయింది, కంపెనీ అంతకుముందే పోయింది. రబ్బరుతో ఆ పేరు చెరిపి, నన్ను మళ్లీ పట్టుకుని, మొదటి తరగతి పిల్లాడిలా ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాశాడు. సింహాచలం. రాశాక కళ్లు తుడుచుకుని, బొమ్మ ఆయన చేతికిచ్చి, చేతులూపుకుంటూ వెళ్లిపోయాడు. నేను సింహాచలం కుర్చీలోనే ఉండిపోయాను.

అరంగుళం ముక్కను కూడా వదలని మనిషి నన్ను మర్చిపోయాడు! మొదట కోపమొచ్చింది, ఇప్పుడు లేదు. ఊడ్చే ఆమె నన్ను తీసి, జనం మర్చిపోయిన వస్తువుల పెట్టెలో వేసింది. ఇక్కడ రెండు కళ్లజోళ్లు, ఒక గొడుగు, నేను. ఎవరైనా వచ్చి మూత తీస్తే చాలు, ఆయనేనేమోనని లేచి కూర్చుంటాను. మొన ఇంకా కొంచెం ఉంది. ఒక పేరు రాయడానికి సరిపోతుంది.