మూడు ప్రశ్నలకు నా జవాబులు

“ఆ ఉత్తరం ఇలా ఇవ్వు, నీకు అర్థం కాదు” అన్నారు మా ఆయన, సోఫాలోంచి లేవకుండా చెయ్యి చాచి. గిన్నెలు తోమడం మధ్యలో ఆపి, తడి చేతులు తుడుచుకుని, తలుపు తీసి నేను తీసుకున్న ఉత్తరం అది. కవరు మీద ఉన్నదీ నా పేరే. ఆయన అడిగేసరికే రెండుసార్లు చదివాను. అర్థం కానిది అందులో ఏమీ లేదు. నా తరఫున ఆయన వేసిన ఆదాయపు పన్ను రిటర్నును తిరస్కరించారు. ఎందుకంటే అంతకు పదకొండు రోజుల ముందే నా పేరిట మరో రిటర్ను వచ్చి, ఆమోదం పొందింది. అది నాది కాదని ముప్పై రోజుల్లో రుజువు చేయకపోతే అదే నాదిగా నిలుస్తుందట. నకలు కూడా జతచేశారు. దాని ప్రకారం నాకు ఉద్యోగం లేదు; నేనెన్నడూ పేరు వినని వ్యాపారం మాత్రం ఉంది. నా మీద ఆధారపడినవారి గడిలో మా ఆయన పేరుంది. ఆ కాగితం మొత్తంలో నిజానికి కాస్త దగ్గరగా ఉన్నది ఆ ఒక్క గడే.

కాలేజీ గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఏ పుస్తకం ఎవరి చేతిలో ఉందో, ఎప్పుడు తిరిగి రావాలో రిజిస్టరు తెరవకుండానే చెప్పగలను. మరో మూడు నెలల్లో పదవీ విరమణ. పన్ను కాగితాల్లో అబద్ధం నా పేరిట నిలిచిపోతే పెన్షను ఆగుతుందని ఆఫీసు గుమాస్తా కంప్యూటరు మీంచి తల తిప్పకుండా చెప్పాడు. ఆ రోజునుంచి నాలో ఏదో సడలిపోయింది. వీధి తలుపు గడియ వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ చూసుకునేదాన్ని. బస్సులో పక్కనున్న మనిషి నా సంచీ వైపు చూస్తే దాన్ని ఒళ్ళోకి లాక్కునేదాన్ని. ఎక్కడో ఎవరో నా పేరు తొడుక్కుని తిరుగుతున్నారు. ఇంకా ఎక్కడెక్కడ సంతకాలు పెడుతున్నారో తెలియదు. “ఆడవాళ్ళ పేరుతో దోచుకోవడానికి ఏముంటుందమ్మా” అని అత్తగారు నన్ను ఓదార్చారు. ఆవిడ ఉద్దేశం మంచిదే.

గుమాస్తా ఆ మాట చెప్పిన మర్నాడు పుస్తకాల బీరువాల మధ్య నిలబడి పన్ను కార్యాలయానికి ఫోను చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి మర్యాదస్తురాలు. నేను నేనేనని తెలియాలంటే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలంది. మొదట చదివిన బడి, ఇష్టమైన రంగు, చిన్ననాటి ముద్దుపేరు. ఇంత సులభమా అనుకుని ధైర్యంగా చెప్పాను.

“ఒక్కటి కూడా సరిపోలేదండీ.”

“నా ముద్దుపేరు నాకు తెలియదా అమ్మా?”

“నేనేం చేయనండీ, ఇక్కడ వేరేలా ఉంది. మొదటి రిటర్ను వేసినవాళ్ళు మూడూ తప్పు లేకుండా చెప్పారు.”

ఫోను పెట్టేశాను. నేను నేనేనా అన్న పరీక్షలో నేను తప్పాను, దొంగ నెగ్గాడు. అప్పుడు గుర్తొచ్చింది, తొమ్మిదేళ్ళ క్రితం ఆ ఖాతా తెరిచింది మా ఆయన. నేను వంటింట్లో ఉన్నాను, ఆయన హాల్లో ఉన్నారు. లేచి వచ్చి అడగడమెందుకని ఆయన చదివిన బడి, ఆయనకు నచ్చిన రంగు, ఆయన్ని వాళ్ళమ్మ పిలిచే పేరు రాసేశారు. ఫోను నంబరూ ఆయనదే. తొమ్మిదేళ్ళుగా ప్రభుత్వం దృష్టిలో నేను ఆయన్నే.

ఆ సాయంత్రం వడ్డిస్తూ అడిగాను, ఈమధ్య నా వివరాలు ఎవరైనా అడిగారా అని. ఆయన ఏమాత్రం తడబడలేదు. నెల క్రితం పన్ను ఆఫీసునుంచే ఫోను వచ్చిందట, నా ఖాతాలో ఏదో సరిచేయాలని. నాకివన్నీ తెలియవు గనుక తనే మాట్లాడారట. ఆ మూడు జవాబులూ చెప్పారట, తన ఫోనుకు వచ్చిన అంకెలు కూడా చదివి వినిపించారట.

“అంత మర్యాదగా మాట్లాడాడు, అనుమానం ఎలా వస్తుంది? ఆ తర్వాత నా వివరాలు కూడా అడిగాడు. నేనిస్తానా? ఠక్కున ఫోను పెట్టేశాను.”

ఆయన దాన్ని తన తెలివికి నిదర్శనంగా చెప్పారు. అత్తగారు మెచ్చుకోలుగా తలూపారు. నేను గరిటెను గిన్నెలో పెట్టాను. కొడుకు జాగ్రత్తపరుడని ఆవిడ నా పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. అది అబద్ధం కాదు. తన తలుపు ఏదో, నా తలుపు ఏదో ఆయనకు స్పష్టంగా తెలుసు. వచ్చినవాడు దొంగో దొరో తేలకముందే ఏ తలుపు తీయాలో కూడా తెలుసు. ‘నేనిస్తానా?’ ముప్పై నాలుగేళ్ళలో ఈ ఇంట్లో నేను విన్న వాక్యాలన్నిటిలోకీ అంత పొదుపైనది మరొకటి లేదు.

“రేపు పన్ను ఆఫీసుకు వెళ్ళాలి. నా అసలు కాగితాలు తీసివ్వండి” అన్నాను. తనూ వస్తానన్నారు, అక్కడ నేను తికమకపడతానని ఆయన భయం. వద్దన్నాను. అవి ఉన్న బీరువా తాళం చేతికివ్వడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది.

ముందు పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకున్నాను. బ్యాంకులో చెప్పి, నేను స్వయంగా వస్తే తప్ప నా పేరిట కొత్త అప్పేదీ ఇవ్వకుండా కట్టడి చేయించాను. నా సొంత నంబరుతో చిన్న ఫోను కొన్నాను. పన్ను కార్యాలయంలో వరుసలో మూడు గంటలు నిలబడ్డాక ఒక ఫారం చేతికిచ్చారు. మీ రహస్య వివరాలు ఎవరికి తెలుసు అని అందులో ఒక ప్రశ్న. భర్త అని రాశాను. అధికారిణి నాకంటే చాలా చిన్నది. ఆ గడి మీద కలం ఆనించి, “ఇంట్లోవాళ్ళని రాయనవసరం లేదులెండి, బయటివాళ్ళుంటే చెప్పండి” అంది. దొంగకు వివరాలు ఇచ్చింది ఇంట్లోంచేనని చెప్పాను. ఆమె మరి కొట్టివేయలేదు. ఇరవై ఆరో రోజున దొంగ రిటర్నును రద్దు చేసినట్టు ఉత్తరం వచ్చింది. ఏటా మారే ఒక రహస్య సంఖ్య కూడా ఇస్తారట. అది లేనిదే ఇకమీద నా పేరిట ఎవరూ రిటర్ను వేయలేరు. దాన్ని తీసుకుని కొత్త జవాబులు నమోదు చేయడానికి మళ్ళీ రమ్మన్నారు. బయల్దేరుతుంటే మా ఆయన డైరీ తెరిచి కలం పట్టుకున్నారు. “ఆ నంబరూ, జవాబులూ వచ్చాక చెప్పు, రాసిపెడతాను. నువ్వు మర్చిపోతావు.”

“మర్చిపోను” అన్నాను.

మళ్ళీ ఆ మూడు ప్రశ్నలే. మొదట చదివిన బడి. ఇష్టమైన రంగు. చిన్ననాటి ముద్దుపేరు. ఏం రాయాలా అని ఆలోచించాల్సిన పని లేకపోయింది. కాగితం అందుకుంటూ అధికారిణి అలవాటుగా హెచ్చరించింది.

“ఎవరూ ఊహించలేనివే రాశారు కదండీ? ఇంట్లోవాళ్ళు కూడా?”

“ఊహించలేరమ్మా,” అన్నాను, “అన్నీ నిజాలే రాశాను.”