ఒంటె పొట్ట కింద అంకె

పళ్ళ డాక్టరుగారు క్లినిక్ మూసేసి రెండేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళపాటు జనం నోళ్ళలోకి తొంగిచూసిన మనిషి ఇప్పుడు పాత చైనా మట్టిబొమ్మల ముందు కూర్చుని పొద్దుపుచ్చుతున్నాడు. హాల్లో అద్దాల బీరువా నిండా అవే. పొట్ట ఉబ్బిన కూజాలు, మూతి విరిగిన మద్యం పాత్ర, బూరెబుగ్గల నాట్యగత్తెలు, అన్నీ కలిపి పదకొండు. చాలావరకు అక్కడి గొప్పవాళ్ళు చనిపోతే సమాధిలో తోడుగా పెట్టినవి. అందుకే భార్య ఆ బీరువాకి 'సమాధి సామాను' అని పేరు పెట్టింది.

అన్నిట్లోకీ ఆయన ప్రాణం ఒంటె. థాంగ్ రాజుల కాలం నాటిది, పన్నెండు వందల ఏళ్ళ వయసు. మోకాళ్ళ మీద కూర్చుని మెడ పైకెత్తి అరుస్తూ ఉంటుంది. దాన్ని చేసిన కుమ్మరి ఒంటె నోట్లో ఒక్కొక్క పన్నూ విడివిడిగా గీశాడు. డాక్టరుగారు పడిపోయింది ఆ పళ్ళకే.

ఒక ఉదయం దుమ్ము తుడుస్తుంటే ఒంటె పొట్ట కింద పెచ్చు ఒకటి ఊడి వచ్చింది. లోపల తెల్లగా కనిపించింది. ఆయన క్లినిక్ నాటి భూతద్దం కళ్ళకి తగిలించుకుని చూశాడు. చూడగానే తెలిసిపోయింది. పుచ్చుపన్ను పూడ్చినట్టు ఎవరో ప్లాస్టర్‌తో పూడ్చి, పైన మట్టిరంగు పూశారు. సన్నటి కొక్కెంతో మెల్లగా గీకితే ఎర్రటి అంకె బయటపడింది. మూడంకెలు, ఒక వాలుగీత, మళ్ళీ రెండంకెలు. అలాంటి అంకెలు వేసేది మ్యూజియం వాళ్ళే.

దొంగసొత్తు!

ఎనిమిదేళ్ళ కిందట ఒక పాతసామాను వ్యాపారి దగ్గర కొన్నాడు. "కాగితాలు రేపు పంపిస్తా" అన్నాడతను. ఆ రేపు రాలేదు. ఈయనా అడగలేదు. ఇప్పుడా దుకాణమే లేదు.

ఒంటెని అలమరాలో భార్య శాలువాల వెనక దాచేశాడు. కొత్త స్టాండు చేయిస్తున్నానని ఆవిడతో అబద్ధమాడాడు. తొమ్మిది రోజులు అన్నం కెలికి లేచిపోయాడు. కాలింగ్ బెల్ మోగితే ఉలిక్కిపడ్డాడు. పదో రోజు పొద్దున భార్య తలుపు గడియ వేసి ఎదురుగా నిలబడింది.

"నిజం చెప్పండి. రిపోర్టుల్లో ఏమొచ్చింది?"

"ఏ రిపోర్టులు?"

"దాచకండి. నేను చిన్నపిల్లనా? ఎన్నాళ్ళు బతుకుతారన్నారు?"

ఆయన అలమరా తెరిచి, శాలువాలు జరిపి, ఒంటెని తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఉన్నదంతా చెప్పాడు. ఆవిడ మంచం మీద కూలబడింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఇంతేనా? మీకేదో పెద్ద జబ్బు చేసిందని వారం రోజులుగా బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడుస్తున్నానండీ!"

"ఇంతేనా అంటావేంటి? జైల్లో పెడితే?"

"పెడితే క్యారేజీ పట్టుకొస్తాను. ముందు చొక్కా మార్చుకోండి."

రెండు బస్సులు మారి ఇద్దరూ ఊళ్ళో మ్యూజియానికి వెళ్ళారు. ఆ అంకె అక్కడిదో కాదో ఆయనకి తెలియదు. దారంతా శాలువాలో చుట్టిన ఒంటెని పసిబిడ్డలా ఎత్తుకుని కూర్చున్నాడు.

మట్టి వస్తువుల విభాగం చూసే ఆవిడ అంకె చూసింది. పాత రిజిస్టరు దించి, వేలితో వరసలు వెతికి, ఒకచోట ఆగింది.

"పద్నాలుగేళ్ళయింది. సామాను కొత్త గదులకి మారుస్తున్నప్పుడు పోయింది. అప్పుడు నేను ఉద్యోగంలో చేరి నెల. ఆ పెట్టె కట్టింది నేనే. ఎవరూ ఏమీ అనలేదు గానీ..." ఆపేసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

డాక్టరుగారు ఇక ఆగలేకపోయాడు. "నేను కాగితాలు అడగలేదమ్మా. మర్చిపోయి కాదు. అడిగితే ఎక్కడ చేజారిపోతుందోనని అడగలేదు."

మ్యూజియం ఆవిడ లోపలికి వెళ్ళి పైఅధికారితో మాట్లాడి వచ్చింది. ఆ పావుగంటా ఆయన శాలువా మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు.

"అదే మాట రాసి సంతకం పెట్టండి, చాలు. ఆ వ్యాపారి గురించి పోలీసులు అడుగుతారు, గుర్తున్నంత చెప్పండి. మిమ్మల్ని దొంగ అనేవాళ్ళు ఇక్కడెవరూ లేరండీ. దీన్ని వెనక్కి తెచ్చింది మీరే కదా."

బయటికి రాగానే ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఆకలేస్తోంది" అన్నాడు. ఆ మాట విని భార్యకి ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా ఉన్న హోటల్లో ఆయన రెండోసారి పెట్టించుకుని తినడం ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసింది.

ఇంటికొచ్చాక ఆయన బల్ల మీద దుప్పటి పరిచాడు. "మిగతావీ చూసేద్దాం. ఏదైనా తేడాగా ఉంటే రేపే వెళ్దాం" అన్నాడు. ఆవిడ లైటు పట్టుకుంది. ఒక్కొక్కటీ బోర్లించి చూశారు. ప్లాస్టర్ లేదు, రంగు పూత లేదు. కాగితాలు కూడా పదింటికీ దొరికాయి.

ఆఖరి కూజా అడుగున మాత్రం ఒక మచ్చ కనబడి ఆయన లైటు దగ్గరికి జరపమన్నాడు. భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. పచ్చిమట్టి మీద కుమ్మరి బొటనవేలి ముద్ర, గీతలతో సహా.

ఆవిడ తన వేలు అందులో ఆనించి చూసుకుంది.

"అబ్బో, పెద్ద చెయ్యే" అంది.