తరవాణి కుండ లోపలి పూత

నేను ఒక తరవాణి కుండను. నన్ను వాడుకునే దమయంతికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: రెండున్నరేళ్ల కూతురు యామిని విరేచనాలతో నీరసించి, తన ఒళ్లోనే కళ్లు తేలేస్తుందని. ఆ భయంలో ఒకసారి నా ప్రాణమే తీసింది.

శ్రీకాకుళం వైపు ఒక సంతలో దమయంతి అత్త నన్ను వేలితో మూడుసార్లు కొట్టి, మోగిన తీరు విని కొన్నది. పసుపు రాసి, బొట్టు పెట్టి, గంజీ బియ్యం కడిగిన నీళ్లూ పోసింది. నాలుగు రోజులకు పులిసింది. ఆ పుల్లనీళ్లే తరవాణి. పొద్దున్నే అన్నంలో పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటారు. నన్ను ఎప్పుడూ అడుగంటా ఖాళీ చేయరు. కొంచెం పాతది ఉంచి, పైన కొత్త గంజి పోస్తారు. అలా నా లోపల సన్నని జిగురు పూత కట్టింది. పక్కింటి తవిటమ్మ, జీడిపిక్కలు కొట్టే మనిషి, నా దగ్గర ఒక చెంబుడు తీసుకెళ్లి తన కుండ మొదలుపెట్టుకుంది.

అత్త పోయాక నేను దమయంతి చేతికి వచ్చాను. ఆమె బడి ఎనిమిదితో ఆగింది గానీ, సీసాల మీదా కవర్ల మీదా అచ్చయిన ప్రతి ముక్కా చదువుతుంది. చదివినదానికల్లా భయపడుతుంది. పిల్లకు విరేచనాలు తిరగబెట్టిన నాడు, సబ్బు కవరు మీద ‘క్రిములు’ అన్న మాట చూసి నన్ను బోర్లించి, పీచుతో తోమేసింది. మట్టిదాన్ని కదా, సబ్బంతా తాగేశాను.

తవిటమ్మ వచ్చి చూసింది. “ఓలమ్మ, కుండ తోమీసినావేటే?”

“క్రిములుంటాయని, పిన్నీ.”

“ఉంటాయి మరి. ఆటినే కదే పెంచుకుంటన్నాం.”

అని, పిల్ల వాలిపోయి ఉండడం చూసి, ఆమే పరుగున ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మను పిలుచుకొచ్చింది. నర్సమ్మ ముందు ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో పట్టించింది, జింకు బిళ్ల ఇచ్చింది. ఆ తరవాత గూట్లోని యాంటీబయాటిక్ సిరప్ సీసా తీసింది.

“ఇదెవలు రాసారు?”

“పోయినేడు జొరానికి రాసిందండి. కడుపు జారినప్పుడల్లా ఒక మూత పోస్తన్నాను.”

“తిండేటి పెడతన్నావు?”

“తెల్లన్నం, బిస్కట్లు. కూరలు అరగవని.”

నర్సమ్మ తిట్టలేదు. నన్ను చూపించింది. “పేగు గోడకి లోపల జిగురు పొర ఉంటది, ఈ కుండకి పూతలాగ. చెడ్డ క్రిమి గోడని తాకకుండా అదే కాపలా. మంచి క్రిములు దాన్ని అంటిపెట్టుకునే బతుకుతాయి. అక్కర్లేని మందు ఆటిని కూడా చంపెస్తది. ఆటికి కూర, పప్పు, చోళ్లలో ఉండే పీచు కావాల. అది అందకపోతే కొన్ని ఆ జిగురే తినెస్తాయి. నువ్వు కుండనీ పిల్లనీ ఒక్కలాగే తోమీసినావు, తల్లీ.”

దమయంతి ఏడ్చింది. నేను ఏడవలేక సబ్బునీళ్లు చెమర్చాను.

మూడు రోజులు గంజి పోసి పారబోస్తే గానీ నా వాసన పోలేదు. అప్పుడు తవిటమ్మ తన కుండలోంచి ఒక చెంబుడు తెచ్చి నాలో పోసింది. నేనిచ్చినదే నాకు తిరిగొచ్చింది. పిల్లకు విరేచనాలు కట్టాక చోడి జావ, అంటే రాగి జావ, మెత్తటి ఆనపకాయ కూర, పెరుగన్నం మొదలుపెట్టారు. నయం చేసింది నేనని చెప్పుకోను. ఓఆర్‌ఎస్ చేసింది, తిండి చేసింది. అయితే నెల తిరిగేసరికి యామిని నా మూత తనే తీసి, ముక్కు చిట్లించి నవ్వింది.

ఆ మధ్య పిల్లి దూకి తవిటమ్మ కుండ పగిలింది. అప్పటినుంచి రోజూ ఆమె సత్తుగిన్నె నా దగ్గరికే వస్తోంది. దమయంతి పిల్లను తీసుకుని పుట్టింటికెళ్లి నాలుగు రోజులైంది. తాళంచెవి పెరటి గూట్లోనే ఉందని తవిటమ్మకు తెలుసు. మొదటి రెండు రోజులు వచ్చి, గంజి పోసి, గిన్నె నింపుకెళ్లింది. నిన్న రాలేదు. ఈరోజూ రాలేదు. మొన్న వచ్చినప్పుడు పొట్ట పట్టుకుని నడిచింది.

నాకు కాళ్లు లేవు. మీరు అటుగా వెళ్తే, తవిటమ్మది నీలం తలుపు, ఒకసారి తట్టి చూడండి. చేతిలో ఓఆర్‌ఎస్ పొట్లం ఉంటే మంచిది.