ఆరని జుట్టు

మేస్త్రికి మరదలంటే పడదు. ఆ మాటకొస్తే అతనికి పడే మనిషి లోకంలో ఒక్కతే ఉండేది, అతని పెళ్ళాం. ఆమె పోయింది. వైద్యం చేసినవాళ్ళని, పలకరించడానికి వచ్చినవాళ్ళని, రానివాళ్ళని అందరినీ ఒకే గాటన కట్టి తిట్టుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నాడు. ఇంటి ముందు గదిలో మోటారు వైండింగ్ షాపు, వెనక గదిలో కాపురం. ఆ కాపురంలో ఇప్పుడు మిగిలింది అతనూ, ఎనిమిదో తరగతి చదివే కూతురూ.

పిల్లని తన దగ్గరికి తీసుకుపోతానని భార్య చెల్లెలు ఫోన్లో పోరు పెడుతోంది.

"ఆడపిల్ల బావా. ఆ రాగితీగల మధ్య ఎలా పెరుగుతుంది?"

"తీగల మధ్య కాదు, తండ్రి దగ్గర పెరుగుతుంది."

"తండ్రి అన్నవాడు రోజుకో మాటైనా మాట్లాడాలి కదా."

ఆ మాట నిజం కాబట్టి మేస్త్రికి ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేసింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం సాయంత్రం స్కూల్లో పిల్ల పాడుతుంది. పిన్ని వస్తుంది. పాట అయిపోయాక పిల్ల నోటితో ఏం చెబితే అదే ఖాయం. ఉంటానంటే పిన్ని ఇక ఆ మాట ఎత్తదు. వెళ్తానంటే మేస్త్రి అడ్డుపడడు.

పిల్ల ఏం చెబుతుందో మేస్త్రికి తెలుసు. తల్లి పోయాక ఆ పిల్ల అతనితో అవసరానికి తప్ప నోరు విప్పలేదు. అతనూ విప్పించలేదు.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల ఒక రేకు డబ్బా పట్టుకుని షాపు గదిలోకి వచ్చి నిలబడింది. తల తడిగా ఉంది. వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది.

"పిన్ని వచ్చే బస్సు దారిలో చెడిపోయిందట నాన్నా. ఆలస్యమవుతుందట."

"మంచిదే."

"మంచిదే ఏంటి? పొద్దుటి నుంచి పిన్ని కోసమే కూర్చున్నా. ముందువైపు నేను చుట్టుకోగలను. వెనక నాకు అందదు."

డబ్బా మూత తీసి చూపించింది. లోపల రంగురంగుల మెలికల గొట్టాలు, పలచటి ప్లాస్టిక్ వలతో అల్లినవి. పట్టి లాగితే తిన్నగా సాగుతాయి, వదిలేస్తే టక్కున మెలితిరిగి స్ప్రింగులా ముడుచుకుంటాయి. వాటితో పాటు చివర కొక్కెం ఉన్న సన్నని పుల్ల ఒకటి. మేస్త్రి వాటిని ఎరుగును. పెళ్ళాం వాటిని వానపాములు అనేది. ఆమెది ఉంగరాల జుట్టు. పిల్లకి తండ్రి పోలిక, చీపురు పుల్లల్లా తిన్నని జుట్టు. స్కూల్లో పాట ఉన్నప్పుడల్లా తల్లి ఈ వానపాములు తగిలించి పిల్ల తలని తన తలలా చేసేది. "ఇవాళొక్క పూట నువ్వు నా కూతురివి. రేపు మళ్ళీ ఆ మనిషికి ఇచ్చేస్తా" అని నవ్వేది. ఆ మనిషి ముందు గదిలో కూర్చుని విననట్టు కాయిల్ చుట్టుకునేవాడు.

"నాకేం వచ్చు ఇవన్నీ" అన్నాడు.

"రోజంతా చుట్టేదేగా నీ పని" అంది పిల్ల.

అన్నాళ్ళ తర్వాత ఆ పిల్ల అతనితో ఆడిన పరాచికం అదే. మేస్త్రి చేతిలో ఉన్న తీగ కింద పెట్టి, సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కున్నాడు.

వెనక గదిలో పిల్ల పీట మీద కూర్చుంది. అతను కుర్చీలో ఆమె వెనక కూర్చున్నాడు. దువ్వెన తీసుకుని నడినెత్తి నుంచి కిందికి ఒక్క లాగు లాగాడు.

"అబ్బా! అలా కాదు నాన్నా. చివర్ల నుంచి. కింద చిక్కు తీసి, కాస్త పైకి, ఇంకాస్త పైకి. పైనుంచి లాగితే చిక్కులన్నీ కిందికొచ్చి ముడి పడతాయి, వెంట్రుక తెగుతుంది."

చివర్ల నుంచి దువ్వాడు. పిల్ల చూపించినట్టు అరచేతిలో ఒక్క చుక్క నూనె వేసుకుని చివర్లకి రాశాడు. చిటికెన వేలంత పాయ తీసుకోమంది. అతను బొటనవేలంత తీసుకున్నాడు.

"లావైపోయింది. కొక్కేనికి ఇరుక్కుంటుంది."

"నీ తలకి ఇలా సన్నగా తీసుకుంటూ కూర్చుంటే పెళ్ళీడు వచ్చేస్తుంది."

"రానీ."

గొట్టాన్ని పుల్ల మీదికి ఎక్కించి తిన్నగా సాగదీశాడు. కొక్కేన్ని పాయ మొదట్లో తగిలించాడు. మొదలు దగ్గర జుట్టుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకోమంది పిల్ల, లాగు నెత్తికి తగలకూడదట. కుడిచేత్తో పుల్లని మెల్లగా కిందికి లాగాడు. పాయ గొట్టంలోకి దూరుతూ సగంలో ఆగింది. అతను బలం పెట్టబోయాడు.

"ఆగితే లాగకు. కొంచెం వెనక్కి తీసి మళ్ళీ పోనీ. అమ్మ అలాగే చేసేది."

వెనక్కి తీశాడు. మళ్ళీ పోనిచ్చాడు. ఈసారి జారింది. పుల్ల బయటికి వచ్చాక గొట్టం పాయని పట్టుకుని గిర్రున మెలితిరిగి ముడుచుకుంది. మేస్త్రి తన చేతులకేసి చూసుకున్నాడు. పేచీ లేకుండా అయిపోయింది.

రెండోదీ, మూడోదీ తేలిగ్గా వెళ్ళాయి. తర్వాత ఇద్దరి మధ్యా మాటలు కూడా వాటంతట అవే వచ్చాయి. పాట టీచరు ముక్కుతో పాడుతుందని పిల్ల పాడి చూపించింది. మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వి చాలా కాలమైంది కాబట్టి దగ్గులా వచ్చింది.

"ఇంత మెత్తగా నువ్వు మోటారు చుట్టవు కదా" అంది పిల్ల.

"మోటారు అరవదు."

"వెళ్ళకపోతే..." అని ఆగింది.

"ఎక్కడికి?"

"పిన్ని దగ్గరికి. వెళ్ళకపోతే నువ్వు ప్రతిసారీ ఇలా చుడతావా?"

చుడతానమ్మా అంటే సరిపోయేది. "చూద్దాంలే" అన్నాడు మేస్త్రి. పిల్లకి తండ్రి భాష తెలుసు. వెనక్కి తిరగకుండానే తల ఊపింది, గొట్టాలన్నీ గలగలా ఊగాయి.

అంతా అయ్యేసరికి ఎండ గది సగానికి వచ్చింది. పిల్ల తల తడిమి చూసుకుంది.

"ఇంకా తడి ఉంది. అమ్మ పొద్దున్నే చుట్టేది, సాయంత్రానికి ఆరిపోయేది."

"ఫ్యాను వేస్తా."

"ఫ్యాను చాలు. వేడి మాత్రం వద్దు. ఇవి వేడి తగలకూడనివి."

పిల్ల కుర్చీలోకి మారి, తల వెనక్కి వాల్చి, పాట పదాలు గొణుక్కుంటూ కళ్ళు మూసుకుంది. కాసేపటికి నిద్రపోయింది.

మేస్త్రి ఒక గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూశాడు. తడి. అతని పనిలో తడికి మించిన శత్రువు లేదు. చుట్టిన కాయిల్‌ని వార్నిష్‌లో ముంచి, పెద్ద బల్బు కింద పెట్టి ఆరబెట్టకపోతే కరెంటు ఇవ్వగానే కాలుతుంది. వేడి తగలకుండా నిలబడిన చుట్టు అతను ఇంతవరకు చూడలేదు. పిల్ల చెప్పింది చెవిన పడింది. కానీ అప్పుడతను పిల్ల గురించి ఆలోచించడం లేదు. మరదలు గుమ్మంలోకి రాగానే ఈ తలని చూడాలి. ఒక్క ఉంగరం కూడా జారకుండా, పెళ్ళాం చేసినదానికన్నా గట్టిగా నిలబడి ఉండాలి. ఎవరు చేశారని ఆమె అడగాలి, నాన్న అని పిల్ల చెప్పాలి. ఆ మరదలి మొహం మాడిపోవడం అతని కళ్ళముందు ఆడుతోంది. అందుకోసం లేచి షాపులోని పెద్ద బల్బుని స్టాండుతో సహా తెచ్చాడు. కుర్చీ వెనక మూరెడు దూరంలో పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. గోరువెచ్చగా తగిలింది. దీనికేమవుతుంది అనుకున్నాడు.

అప్పుడే ముందు గది తలుపు ఎవరో బాదారు. పిండిమర ఆసామి. తోపుడుబండి మీద కాలిపోయిన మోటారు తెచ్చాడు.

"మూడ్రోజుల నుంచి మూలుగుతోంది మేస్త్రీ, మా అత్తగారిలాగా. ఇవాళ ఒక్క కేక పెట్టి ఆగింది."

"అత్తగారా?"

"ఆవిడ ఆగితే మిఠాయి తెచ్చేవాణ్ణి కదా."

ఇద్దరూ కలిసి మోటారుని బల్ల మీదికి ఎత్తారు. మూత సందులోంచి కాలిన వార్నిష్ కంపు గుప్పుమంది. మేస్త్రి టార్చి వేసి లోపలికి చూశాడు. కాయిల్ బొగ్గయింది.

"దీన్ని ఇంతకుముందు ఎవడు చుట్టాడు?"

"బజారు చివర కొత్తగా పెట్టాడే, ఆ కుర్రాడు. తక్కువలో చేస్తానన్నాడు."

"చేస్తాడు, ఎందుకు చెయ్యడు. నా దగ్గరికి రావాల్సింది ముందు. నోరెండిపోయాక బావి గుర్తొచ్చిందా?"

"తప్పయిపోయింది మేస్త్రీ, చెంపలేసుకోమంటావా?"

మేస్త్రి వదల్లేదు. ఆ కుర్రాడినీ, వాడికి పని నేర్పినవాడినీ, నాసిరకం సరుకు అమ్మేవాడినీ వరసగా కడిగిపారేశాడు. తిడుతుంటే అతనికి ఆకలి కూడా తెలియదు. మధ్యలో ఆసామి ముక్కు ఎగబీల్చాడు.

"కంపు పెరిగింది మేస్త్రీ. ఇందాక ఇలా లేదు."

మేస్త్రి కూడా పీల్చాడు. వార్నిష్ వాసన కాదు, ప్లాస్టిక్. ఒక్క క్షణం అతనికీ తేడాగానే తోచింది. అంతలోనే మొహం వెలిగింది.

"చూశావా? తీగకి నాసిరకం స్లీవులు తొడిగాడు. ప్లాస్టిక్ కరిగిన కంపు అది. నా ముక్కుకి తెలియదా? నా షాపు నుంచి వెళ్ళిన మోటారు ఏనాడైనా ఇలా కంపు కొట్టిందా?"

"నాన్నా!"

వెనక గదిలో పిల్ల కేక.

వెళ్ళేసరికి కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. నిద్రలో తల పక్కకి వాలి బల్బుకి ఆనినంత పనయింది. వెనకవైపు గొట్టాలు కరిగి, ఒకదానికొకటి అతుక్కుని, జుట్టుతో కలిసి ముద్దయ్యాయి. చెవి అంచు ఎర్రగా కమిలింది. మేస్త్రి బల్బు ప్లగ్గు పీకి, ఆ ముద్దని చేత్తో పట్టుకున్నాడు. వేలు కాలింది. వదల్లేదు. లాగాడు. పిల్ల అరిచింది. ఇంకా గట్టిగా లాగాడు. జుట్టు తెగిన చప్పుడు అతనికి వినిపించింది. చేతిలో ఒక గొట్టం, దానికి వేలాడుతూ కుచ్చులా జుట్టు.

"లాగొద్దు బావా! లాగొద్దు, వదులు."

మరదలు గుమ్మంలో ఉంది. చేతిసంచీ అక్కడే పడేసి వచ్చి అతని చెయ్యి విడిపించింది. కాలిన చెవి మీద తడిగుడ్డ పెట్టింది. ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇక రాదని తేల్చుకుంది.

"కత్తెర ఇవ్వు."

ఇంట్లో కత్తెర కనిపించలేదు. షాపులో కాయిల్ కాగితాలు కత్తిరించే కత్తెర తెచ్చి ఇచ్చాడు. మెడ పైదాకా కత్తిరించాల్సి వచ్చింది. ముందువైపు గొట్టాలు బాగానే ఉన్నాయి. వాటిని మరదలు ఒక్కొక్కటే మొదలు పట్టుకుని కిందికి జార్చింది. అవి ఉంగరాలు తిరిగి చెంపల మీద పడ్డాయి, తల్లివి పడ్డట్టే. వెనక ఏమీ లేదు.

మరదలు అతన్ని తిట్టలేదు. తిడితే అతనికి బాగుండేది. ఎదురు తిట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

పిల్ల ఏడవలేదు. కరిగిన గొట్టాల ముద్దని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. దాన్ని పట్టుకునే తలెత్తింది.

"నీకు వాసన రాలేదా నాన్నా?"

"వచ్చింది."

"మరి?"

"మోటారుది అనుకున్నా."

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టే ఉంది. తర్వాత పిన్ని వైపు తిరిగింది.

"నేను పాడను పిన్నీ. బస్సుంటే వెళ్ళిపోదాం."

బట్టలు సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఉండు అనాలి. ఒక్క మాట. దానికి అతని నాలుక తిరగలేదు. తిట్లకి తిరిగినంత తేలిగ్గా తిరగలేదు. పిల్ల అతని పక్కనుంచే షాపు గదిలోకి వెళ్ళింది, అక్కడ కాస్త నెమ్మదించింది కూడా.

గుమ్మం దగ్గర మరదలు ఆగింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. అతనికి మండింది ఆ జాలికే.

"కావాలని చేశావా ఏంటి బావా? ఆదివారం ఆదివారం రా. దానికీ కాస్త కోపం తగ్గుతుంది. నీకు ఒక ముద్ద పెట్టలేనా?"

"నీ గడప తొక్కే ఖర్మ నాకు పట్టలేదు" అన్నాడు మేస్త్రి.

పిల్ల అప్పటికే ఒక కాలు బయట పెట్టింది. ఆ మాటకి ఆగింది. కత్తిరించిన మెడ వెనక్కి తిరుగుతుందేమోనని మేస్త్రి చూశాడు. తిరగలేదు. రెండో కాలు కూడా బయట పెట్టి, మెట్లు దిగి, పిన్నికన్నా ముందు నడిచింది.

పిండిమర ఆసామి మోటారు పక్కనే ఇబ్బందిగా నిలబడి ఉన్నాడు.

"అమ్మాయి ఊరెళ్తోందా మేస్త్రీ?"

"ఆఁ."

"ఎప్పుడొస్తుంది?"

మేస్త్రి స్పానరు తీసుకుని మోటారు మూత విప్పడం మొదలుపెట్టాడు. ఆసామి కాసేపు చూసి, మళ్ళీ అడగడం బాగుండదని, రేపు వస్తానని చెప్పి ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.