డోరీన్ బల్ల మీది మాట

సెలవు ముగించుకుని నిఘంటువు ఆఫీసుకు తిరిగి వచ్చిన రోజున నా బల్ల మీద చీటీల కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. పాఠకులు పుస్తకాల్లోంచి, పత్రికల్లోంచి ఏరి పంపిన వాక్యాలవి, చీటీకి ఒకటి. వాటిని చదివి, అర్థాన్ని బట్టి కుప్పలు పోసి, ప్రతి కుప్పకూ వివరణ రాయడం మా పని. కుప్పలు బల్ల మీద ఉన్నంతసేపూ కిటికీలు తెరవం.

మాటలు అక్షర క్రమంలో పంచుతారు. నా వంతులో 'స్టిలెట్టో' అనే సన్నటి బాకు ఉంది. దాని తర్వాత 'స్టిల్ట్' అనే కర్రకాలు ఉంది. మధ్యలో ఉండాల్సిన 'స్టిల్' లేదు. మాట చిన్నదే, కానీ దాని చీటీలు రెండు పెట్టెలకు సరిపోతాయి.

ఎదురు బల్ల డోరీన్‌ది. దాని మీద పరిచిన ఆమె స్వెట్టర్ రెండు పెట్టెల ఎత్తున ఉంది.

"డోరీన్, అవి నావి."

"ఏవి? టీ తాగుతావా? అల్లం బిస్కెట్లు తెచ్చాను. పాస్కో చూడకముందే తీసుకో, ఆయన చెయ్యి పడిందంటే డబ్బాలో పొడి కూడా మిగలదు."

"నీ స్వెట్టర్ కింద ఉన్నవి."

"అబ్బ, ఏం పిల్లవమ్మా! రెండేళ్లుగా పలకరిస్తే తల ఊపడం తప్ప ఎరగవు. ఇవాళే మాటలొచ్చాయా?" స్వెట్టర్ సర్దింది. "పాస్కోయే నాకిచ్చాడు. నీకు కష్టంగా ఉంటుందని. నేనడిగి తీసుకోలేదు."

ఆరు వారాల కిందట నాకు కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. నర్సు గుడ్డలో చుట్టి తీసుకెళ్లిపోయింది. ఆడపిల్ల అని తర్వాత చెప్పారు. పూడ్చడం ఆసుపత్రివాళ్లే చూసుకున్నారు, నా భర్త కాలిన్ సంతకం పెట్టి వచ్చాడు. మూడో రోజున పాలు పడ్డాయి. అవి ఇంకిపోవాలని గుడ్డతో బిగించి కట్టారు.

ఆఫీసువాళ్లు కార్డు పంపారు. త్వరగా కోలుకోవాలని రాసి, అందరూ సంతకాలు చేశారు. ఇప్పుడు ఎవరు ఎదురైనా నా నడుము వంక ఒకసారి, కిటికీ వంక ఒకసారి చూసి, వాన గురించి మాట్లాడుతున్నారు. నాకు కోపం రాలేదు. ఏదీ రావడం లేదు.

కానీ ఆ మాట నాకు కావాలి. చనిపోయి పుట్టిన బిడ్డను ఇంగ్లీషులో 'స్టిల్‌బార్న్' అంటారు, దానితోనే. కాలిన్ సంతకం పెట్టిన ఆసుపత్రి కాగితంలో పేరు రాయడానికి గడి లేదు. మా అమ్మాయి గురించి లోకంలో ఉన్నది ఆ ఒక్క మాట. దాన్ని వేరొకరు రాయడం నాకు ఇష్టం లేదు.

పాస్కో మా పెద్ద సంపాదకుడు. ఆయన గదిలోకి వెళ్లి నిలబడ్డాను.

"స్టిల్ నాకు కావాలి."

"అవ్రిల్, మాటలకేం కరువు? 'స్టింక్' పడి ఉంది. కంపు అని ఎవరూ దగ్గరికి రావడం లేదు." తన హాస్యానికి తనే ఇబ్బందిపడి కళ్లజోడు తీశాడు. "నీ మంచికే అలా చేశాను."

"నా వంతు కదండీ."

వంతు తప్పించడం మా ఆఫీసులో లేదు. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడిచాడు. "సరే. తెచ్చుకో," అన్నాడు.

డోరీన్ పెట్టెలతో పాటు బిస్కెట్ల డబ్బా కూడా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

కుప్పలు పోశాను. కదలని నీళ్లు, కదలని గాలి, చర్చిలో కదలకుండా కూర్చోమని చెప్పించుకునే పిల్లలు ఒక కుప్ప. చప్పుడు లేకపోవడం ఒకటి. అన్నిటికంటే పెద్దది 'ఇంకా' అనే అర్థం: ఇంకా కురుస్తోంది, ఇంకా రాలేదు. ఉన్నచోటే నిలబడి ఉండటం అనే పాత అర్థంలోంచి ఇది వచ్చింది. వెళ్లిపోనిది ఇంకా ఉన్నట్టే. సినిమాల ఫొటోలు మరో కుప్ప. సారా కాచే పాత్ర కూడా స్టిల్లే, కానీ దానికి వీటితో చుట్టరికం లేదు. అది చుక్క అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. దాన్ని వేరే బల్ల మీద పెట్టాను.

చివరి కుప్పలో పిల్లలు. ఆ కుప్ప చిన్నది. చీటీలన్నీ చదివాను. ఏమీ అనిపించలేదు. వివరణ రాశాను: 'నెలలు నిండి, ప్రాణం లేకుండా పుట్టిన.' పాస్కోకు ఇచ్చాను.

ఎవరు ఏం రాసి ఇచ్చినా ఎర్ర పెన్సిలు పెట్టకుండా వదలని మనిషి ఆయన. ఆ సాయంత్రం నావన్నీ తిరిగొచ్చాయి. మిగతా అర్థాలన్నీ ఎర్రగా ఉన్నాయి. పిల్లల అర్థం రాసిన చీటీ మాత్రం తెల్లగా ఉంది, మూలన సంతకంతో.

మళ్లీ వెళ్లాను. "ఇది చూడలేదు మీరు."

"చూశాను. బావుంది."

"బాలేదు. అన్నిటినీ చూసినట్టు చూడండి."

ఆయన నా మొహంలోకి చూశాడు. అలా నా మొహంలోకి ఎవరైనా చూసి ఎన్నాళ్లో అయింది. తర్వాత చీటీ తీసుకుని పెన్సిలు చెక్కి, 'నెలలు నిండి' అన్నదాన్ని కొట్టేశాడు.

"అందరికీ నిండవు, అవ్రిల్."

"అవునండీ."

"నీకు నిండాయా?"

"నిండాయి."

ఆయన పెన్సిలు కింద పెట్టి, నా కోసం కుర్చీ జరిపాడు. నేను కూర్చున్నాను.