పక్క పాపిడి

సోమవారం పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి సెలూన్ ముందు తల్లులు నిలబడి ఉంటారు. పక్కనే తలలు పట్టుకుని పిల్లలు. కొందరు మెట్ల మీదే కూలబడిపోతారు.

"మళ్ళీ తాగాడు," అంటుంది ఒకావిడ, పక్కింటి అల్లుడి సంగతి చెప్పినట్టు.

"మావాడు రాత్రంతా వాంతులు. బడికి పంపాలంటారా?" అంటుంది ఇంకొకావిడ.

"నిమ్మరసం పట్టించి పంపించండమ్మా. అక్కడా సగంమంది ఇలాగే ఉంటారు," అంటాడు సెలూనాయన, అద్దం మీద నీళ్ళు చల్లి తుడుస్తూ. ఈ మాట ఎన్ని సోమవారాల నుంచి చెబుతున్నాడో ఆయనకే గుర్తు లేదు.

తాగింది పిల్లలు కాదు. ఊరి ఫుట్‌బాల్ జట్టులో పదో నంబరు చొక్కా వేసుకుని ఆడే కుర్రాడు. చెవుల పైన నున్నగా గీసి, నడినెత్తిన కుచ్చులా నిలబెట్టే ఆ కటింగ్ అతనిదే. అది ఎవరు చేయించుకున్నా, అతని ఒంట్లోది ఎంతో కొంత వాళ్ళ ఒంట్లోకి వస్తుంది. అతనికి జలుబు చేస్తే వీళ్ళు తుమ్ముతారు. అతను తాగితే వీళ్ళ తల పగిలిపోతుంది. గుండు కొట్టించినా లాభం లేదు, కొత్త జుట్టు పెరిగి చెవి తాకేదాకా వదలదు.

మరి ఎందుకు చేయిస్తున్నట్టు? అతను గోలు కొట్టిన రోజున పిల్లల్ని చూడాలి. నత్తిగా మాట్లాడేవాడు గడగడా పాఠం అప్పజెబుతాడు. తిండి దగ్గర మారాం చేసేవాళ్ళు రెండోసారి అడిగి వడ్డించుకుంటారు. సెలూనాయన కూతురే ఉంది. చుట్టాలొస్తే తల్లి వెనకాల నక్కే చిన్నది, ఈ కటింగ్ చేయించుకున్నాక బడి జట్టుకి గోల్ కీపర్ అయి కూర్చుంది. బంతి మీదికి వస్తుంటే కళ్ళు మూసుకోదు. ఆ కటింగ్ చేసింది కూడా ఆయనే. మురిసిపోతూ చేశాడు.

ఆ మురిపెం మొన్నటిదాకా నిలిచింది. మొన్న పదో నంబరు పూటుగా తాగి కారు నడిపి కరెంటు స్తంభాన్ని గుద్దాడు. ఆ వేళకి చిన్నది మంచం మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటోంది. ఉన్నట్టుండి ఎడమ కనుబొమ మీద చర్మం చిట్లి రక్తం కారింది. ఆసుపత్రికి ఎత్తుకెళ్తే అక్కడ అప్పటికే వరస కట్టి పిల్లలు, అందరికీ అదే కనుబొమ, అదే గాటు. డాక్టరు చేతిలో దూది అయిపోయింది. పదో నంబరుకి జరిమానా వేసి, ఒక్క ఆట మాత్రం ఆడొద్దన్నారు. పేపర్లో నవ్వుతూ ఫోటో వచ్చింది, కట్టు కూడా అందంగానే ఉందని రాశారు.

ఈసారి స్తంభం కాక లారీ అయితే? ఆ వరసలో నిలబడ్డ తల్లులందరికీ అదే భయం. ఒక్కరూ పైకి అనలేదు.

"వాడు కూర్చునేది నీ కుర్చీలోనే కదా, చెప్పలేవా?" అంది ఇంటావిడ.

"చెబుతాను."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు."

"చెప్పేవాడివే! ఎర్ర లైటు పడినా బళ్ళ మధ్యలోంచి దూరిపోతావు, దుకాణం వెనక చేరి సిగరెట్లు కాలుస్తావు. నువ్వా వాడికి బుద్ధి చెప్పేది?"

ఇంటికొచ్చేసరికి ఆయనలో వాదించే ఓపిక మిగలదు. పొద్దున్నుంచి నిలబడీ నిలబడీ మోకాళ్ళు పట్టేస్తాయి. పక్క మీద వాలితే చాలు, లోకం ఏమైపోనీ, నిద్ర ముంచుకొచ్చేస్తుంది.

శనివారం సాయంత్రం పదో నంబరు రానే వచ్చాడు. కొత్త కారు తెచ్చి దుకాణం ముందే అడ్డంగా ఆపాడు. అందులో నలుగురు స్నేహితులు హారన్ మోగిస్తూ కేకలు పెడుతున్నారు. అతని దగ్గర అప్పటికే వాసన గుప్పుమంటోంది. పాలపళ్ళు ఊడని వయసు నుంచీ ఇదే కుర్చీలో కూర్చుంటున్నాడు. అప్పట్లో అందదని కింద పీట వేసేవాడు సెలూనాయన.

"రేపు ఫోటోలున్నాయి బాబాయ్. కొత్తగా ఏదైనా చేసెయ్. తొందరగా కానీ, కొండ రోడ్డు మీద పందెం ఉంది."

"పందెమా? ఈ స్థితిలోనా?"

"నాకేం అయింది? బ్రహ్మాండంగా ఉన్నాను."

సెలూనాయన తెల్లగుడ్డ కప్పి మెడ దగ్గర ముడి వేశాడు. "నాయనా, నీ కటింగ్ ఉన్న పిల్లలు ఊరంతా ఉన్నారు. మా చిన్నదానికి కనుబొమ మీద కుట్లు పడ్డాయి."

"విన్నాను బాబాయ్, బాధేసింది." నిజంగానే బాధపడ్డట్టు ముఖం పెట్టాడు. "కానీ నన్నేం చెయ్యమంటావు? నాకొచ్చింది బంతి తన్నడం. పిల్లల్ని పెంచడం నా పనా? నా కటింగ్ చేయించుకొమ్మని నేను చెప్పానా?"

చెప్పలేదు. నిజమే. సెలూనాయన అతని తల ముందుకు వంచాడు. కత్తి తీసి మెడ వెనక నూగు గీస్తుంటే ఒళ్ళంతా కోపం పాకింది. ఈ చెయ్యి ఇంకాస్త గట్టిగా నొక్కితే పీడా పోతుంది. వెంటనే చిన్నదాని మెడ కళ్ళ ముందు మెదిలింది. గబుక్కున కత్తి పక్కన పెట్టేసి కాసేపు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

పదో నంబరు ఫోను చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు.

కొత్తగా అంటే ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. ఏమీ తోచనప్పుడు చెయ్యి దానికి అలవాటైన పని చేసుకుపోతుంది. కుచ్చు తెగ్గొట్టి, వెనక పొట్టిగా దించి, నీళ్ళు చల్లి, దువ్వెనతో ఎడమ పక్క పాపిడి తీశాడు. తీశాక అద్దంలోకి చూశాడు. పైన తన తల, కింద అతని తల, రెంటికీ అదే పాపిడి. తన తండ్రి తనకి తీసిన పాపిడి, ఇన్నేళ్ళుగా తనకి తాను తీసుకుంటున్న పాపిడి.

ఇతని కటింగ్ ఊరందరికీ చేశాడు గానీ, ఇతనికి ఇంకొకరి కటింగ్ చెయ్యాలని ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడైనా దువ్వి మార్చెయ్యొచ్చు. మార్చలేదు. చెవుల దగ్గర కత్తెరతో సరిచేసి, గుడ్డ దులిపాడు.

పదో నంబరు లేవబోయి మోకాలు పట్టుకున్నాడు. "అబ్బా! కాళ్ళు ఇలా పీకేస్తున్నాయేంటి బాబాయ్?"

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు కదా నాయనా."

"అవునా," అన్నాడు అతను. నడుము మీద చెయ్యి పెట్టుకుని బెంచీ దాకా నడిచి, పెద్దగా ఆవలించి, ఒక పక్కకి ఒరిగిపోయాడు. తాళాలు చేతిలోంచి జారి కింద పడ్డాయి. స్నేహితులు వచ్చి కుదిపారు, బుగ్గ మీద తట్టారు, చివరికి విసుక్కుంటూ టాక్సీ పిలుచుకుని పోయారు. సెలూనాయన తాళాలు తీసి తువ్వాళ్ళ కింద పెట్టాడు.

అతని అక్కకి కబురు చేసి, ఆవిడ వచ్చేలోగా దుకాణం వెనక్కి వెళ్ళి సిగరెట్ వెలిగించాడు. రెండు దమ్ములు లాగాడో లేదో, లోపల బెంచీ మీద పదో నంబరు ఖళ్ళుఖళ్ళుమని దగ్గాడు. సెలూనాయన సిగరెట్ వంక చూశాడు. ఇంకో దమ్ము లాగాడు. ఇంకో దగ్గు.

అక్క వచ్చి తమ్ముణ్ణి లేవదీసి, "ఇదేం జుట్టురా, అచ్చం నాన్నలా ఉన్నావు," అంటూ నడిపించుకుపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి చిన్నది పడుకుని ఉంది.

"ఇవాళ తొందరగానే నిద్రపోయింది," అంది ఇంటావిడ. "ఇందాక ఎందుకో రెండుసార్లు దగ్గింది. పొలమారిందేమో."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత జేబులో ఉన్న సిగరెట్ పెట్టె తీసి చెత్తబుట్టలో పడేశాడు.

సోమవారం పేపర్లో ఫోటోలు వచ్చాయి. తల్లులు, పిల్లలు మూల మలుపు దాకా నిలబడ్డారు. వాంతులు లేవు, తలనొప్పులు లేవు. పిల్లలు కాస్త నడుములు పట్టుకుని ఉన్నారంతే. అందరికీ పక్క పాపిడే కావాలి.

"ఇది ఎవరి కటింగ్ అండీ, ఇంత పద్ధతిగా ఉంది?" అంది ఒకావిడ.

సెలూనాయన దువ్వెన నీళ్ళలో ముంచాడు. తన తల వంక చూసుకోలేదు.

పొద్దుపోయాక, దుకాణానికి వచ్చిన భార్యతో కలిసి ఇంటికి బయల్దేరాడు. చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. కనుచూపు మేరలో బండి లేదు. ఆయన మోకాళ్ళు సలుపుతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి, ఇల్లు ఎదురుగానే కనబడుతోంది. ఆయన అడుగు ముందుకు వెయ్యలేదు.

"ఏం, ఆగిపోయావు? బళ్ళేం లేవుగా, పద," అంది ఆవిడ ఆశ్చర్యంగా.

"ఆగు. పిల్లలున్నారు."

ఆవిడ అటూ ఇటూ చూసింది. రోడ్డు మీద ఒక్క పిల్లా లేదు. ఆయన పాపిడి వంక చూసింది. ఇంకేమీ అడగకుండా ఆయన చెయ్యి పట్టుకుని, పచ్చ లైటు పడేదాకా పక్కనే నిలబడింది.