కంచు పళ్లెం చప్పుడు

తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్నారు. పుట్టిల్లంటే నేనొక్కడినే మిగిలాను. నా భార్య మొన్న చలికాలంలో పోయింది. అందుకని కూతురి కాన్పుకు ధర్మవరం నుంచి మా అక్క ఈరక్క, వియ్యపురాలు తిమ్మక్క పెనుకొండలోని మా ఇంటికి వచ్చారు. నేను పట్టుబట్టి హిందూపురం నుంచి శ్యామలమ్మ అనే నర్సును పిలిపించాను. పొద్దున్నుంచి ముగ్గురికీ పడలేదు.

మధ్యాహ్నం బిడ్డ పుట్టింది. ఏడుపు మాత్రం వినబడలేదు.

వెంటనే పళ్లెం మోగింది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే చెవి దగ్గర కంచు పళ్లెం కొట్టడం మావాళ్ల అలవాటు. ఈరక్క కొట్టిన కొట్టుడుకు దూలం మీది పావురాలు లేచిపోయాయి.

"రవ్వంత సేపు ఆపమ్మా! గుండె కొట్టుకుంటాండాదో లేదో వినాల" అంది శ్యామలమ్మ.

"నువ్వు వినేదేంది? బిడ్డ వినాల!" అంది ఈరక్క.

"గట్టిగా కొట్టు వదినా. మా వంశంలో పుట్టేటోళ్లకు నిద్ర జాస్తి" అంది తిమ్మక్క.

గడప బయటి నుంచే "అక్కా, ఆపు" అన్నాను. మర్యాదగానే అన్నాను.

"నీ అయ్యోరుతనం బడిలో చూపించుకో పో!"

"నాయనా, బిడ్డకేమైనాది? ఎవురూ చెప్పరేం?" కూతురి గొంతు.

వాళ్లమ్మ ఉంటే నన్ను అడిగేది కాదు.

గడప దాటాను. పురిటిగదిలోకి మగవాడా అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. అరవడానికని ఈరక్క చెయ్యి ఆగింది. పళ్లెం లాక్కుని చంకలో పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాను.

శ్యామలమ్మ బిడ్డ ఎదకు చెవి ఆనించినట్టుంది. "కొట్టుకుంటాండాది" అంది. నోట్లో జిగురు తీస్తున్నానంది. తరువాత వీపు రుద్దుతున్న చప్పుడు. ఎంతసేపో తెలియదు. చివరికి తుమ్ములాంటిది ఒకటి, దాని వెనకే సన్నటి ఏడుపు.

"ఒళ్లు ఎర్రబడతాండాది. పాదాలు ఇంకా నీలంగానే ఉండాయి, అవీ రంగు తిరుగుతాయి. భయం లేదు అయ్యోరూ. ఆడబిడ్డ."

"చూసినావా తిమ్మక్కా? పళ్లెం సద్దు ఇప్పుటికి లోపలికి చేరింది!" అంది ఈరక్క.

నేను చంకలోని పళ్లెం గోడవారగా పెట్టాను.

"ఇంకా నిలబడినావేంది? మైలపడినావు, పోయి తలకు పోసుకో."

పెరట్లోకి వెళ్లి పోసుకున్నాను. బిడ్డ ఏడుపు బావి దాకా వినిపిస్తూనే ఉంది. నీళ్లు కారుతున్న మొహాన్ని ఎవరూ ఏమీ అడగరు. బావిలో నీళ్లన్నీ నువ్వే పోసుకుంటావా అని తిమ్మక్క కేకేసేదాకా పోసుకుంటూనే ఉన్నాను.